మూడు ఊళ్ళు, ఒక అలమర

పాత పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది ఏడాది తిరిగేసరికి విసిగిపోతారు. డబ్బు చాలక కాదు, పుస్తకాలు దొరక్కా కాదు. ఎక్కడ ఆగాలో తెలియక. పక్షుల పుస్తకం కనిపిస్తే కొంటారు. ఆఫ్రికా సింహాల బొమ్మల పుస్తకం చవగ్గా వస్తే అదీ కొంటారు. హిమాలయాల పూల మీద ఎవరో ఇస్తానంటే అదీ మోసుకొస్తారు. అలమర నిండుతుంది గాని, ఇంటి వెనక కాలవ గట్టు మీద మొలిచిన మొక్క పేరు అందులో ఏ ఒక్క పుస్తకంతోనూ తేలదు. ఈలోగా ఇంట్లోవాళ్ళు "ఈ చెత్తంతా ఎప్పుడు తీస్తావు?" అనడం మొదలుపెడతారు. వాళ్ళని తప్పుపట్టలేం.

అందుకని ముందు హద్దు గీసుకోవాలి. కొనడం సంగతి ఆ తర్వాత. మీది తెనాలి అనుకుందాం. గుంటూరు, బాపట్ల జిల్లాల పటం ఒకటి ముందు వేసుకుని తెనాలి, రేపల్లె, బాపట్ల మూడింటినీ పెన్సిలుతో కలపండి. తెనాలి నుంచి రేపల్లెకి ఒక రైలు దారి. నిడుబ్రోలు మీదుగా బాపట్లకి ఇంకొకటి. బాపట్ల నుంచి రేపల్లెకి రోడ్డు. ఆ గీతల లోపలా అంచునా ఏమున్నాయో చూడండి: కృష్ణ కాలవలు, మాగాణి, తాటిచెట్లు, లంక భూములు, నిజాంపట్నం వైపు మడ అడవులు, సూర్యలంక వైపు ఇసకా సరుగుడు తోటలూ. ఒక మనిషి జన్మంతా తిరిగినా తరగనంత సరుకు ఉంది. ఈ హద్దులో పనికొచ్చే పుస్తకమే ఇంటికి రావాలి. పనికిరానిది ఊరికే ఇచ్చినా రాకూడదు. నియమం ఇంతే. పాటించడమే కష్టం, ఎందుకంటే చవగ్గా వచ్చేదాన్ని వద్దనడం మనకి అలవాటు లేదు.

ఇంత చిన్న మేరలో ఏం తెలుస్తుందనే అనుమానం వస్తే ఇంగ్లండులో గిల్బర్ట్ వైట్ అనే మతగురువు సంగతి చూడండి. సెల్బోర్న్ అనే ఒక్క పల్లెలో, ఆ చుట్టుపక్కల పొలాల్లో ఏ పిట్ట ఎప్పుడు వచ్చింది, వానపాము నేలకి ఏం చేస్తుంది, ఇంటి తోటలో తాబేలు ఎప్పుడు నిద్ర లేచింది అని ఏళ్ళ తరబడి రాసుకున్నాడు. అది 1789లో పుస్తకమై వచ్చింది. ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. మన దేశంలోనే ఉప్పు, కస్టమ్స్ శాఖలో పనిచేసిన ఇ.హెచ్. ఐట్‌కెన్ తన బంగళాలోకి వచ్చే ఎలకల మీద, కప్పల మీద, చీమల మీద, కాకుల మీద 1883లో 'ది ట్రైబ్స్ ఆన్ మై ఫ్రాంటియర్' అని నవ్వుతూ నవ్విస్తూ ఒక పుస్తకం రాశాడు. బొంబాయిలో నేచురల్ హిస్టరీ సొసైటీ పెట్టినవాళ్ళలో ఆయన ఒకడు. ఈ ఇద్దరి పుస్తకాలూ మన మూడూళ్ళవి కావు. అయినా హద్దు మీద నమ్మకం కుదరడానికి ఈ రెండింటికీ మినహాయింపు ఇవ్వచ్చు.

ముందు బాపట్ల

ఈ మేరలో ప్రకృతి పుస్తకాలకి అసలు గని బాపట్ల. 1945లో అక్కడ వ్యవసాయ కళాశాల పెట్టారు. అప్పటినుంచి తరాల తరబడి విద్యార్థులు, ఉపాధ్యాయులు, పరిశోధకులు ఆ ఊళ్ళో ఉన్నారు. కొందరు రిటైరై అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. మనం సాంబ మసూరి అని పిలుచుకునే వరి రకం బీపీటీ 5204. అది 1986లో విడుదలైంది, ఆ బీపీటీ బాపట్లే. అలాంటి ఊళ్ళో పాత అలమర తీస్తే రంగు వెలిసిన గుడ్డ అట్టలతో, పైన బొమ్మ కూడా లేని మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం పుస్తకాలు కనిపించే అవకాశం ఉంది. వ్యాపారి వాటిని "పాత సిలబస్ అండీ, ఎవరూ అడగరు" అని పక్కన పడేస్తాడు. మనకి కావలసినవి అవే.

నాలుగు పేర్లు చెబుతాను, కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. కె. రంగాచారి 'ఎ హ్యాండ్‌బుక్ ఆఫ్ సమ్ సౌత్ ఇండియన్ గ్రాసెస్', 1921. తాడులింగం, వెంకటనారాయణ కలిసి రాసిన 'ఎ హ్యాండ్‌బుక్ ఆఫ్ సమ్ సౌత్ ఇండియన్ వీడ్స్', 1932. టి. బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ 'సమ్ సౌత్ ఇండియన్ ఇన్సెక్ట్స్', 1914. టి.వి. రామకృష్ణ అయ్యర్ 'హ్యాండ్‌బుక్ ఆఫ్ ఎకనామిక్ ఎంటమాలజీ ఫర్ సౌత్ ఇండియా', 1940. గడ్డి, కలుపు, పురుగు. వినడానికి ఇంతకంటే నీరసమైన విషయాలు ఉండవు. కాని మాగాణి దేశంలో బయటికి అడుగుపెడితే కాళ్ళకి తగిలేవి ఇవే. పులుల పుస్తకం ఎంత గొప్పదైనా చుండూరు పొలాల్లో దాన్ని తెరవాల్సిన పని పడదు. గడ్డి పుస్తకాన్ని ప్రతి గట్టు మీదా తెరవచ్చు.

రంగాచారి పుస్తకంతో మొదటి రోజే ఒక పాఠం దొరుకుతుంది. గరిక, ఊద దొరుకుతాయి. తుంగ దొరకదు. చూడ్డానికి గడ్డిలాగే ఉన్నా తుంగ వేరే కుటుంబం. కాడ వేళ్ళ మధ్య పెట్టి తిప్పితే మూడు అంచులు తగులుతాయి, గరిక కాడకి అవి ఉండవు. రైతుకి చిన్నప్పటినుంచి తెలిసిన ఈ తేడా, పట్నంలో పెరిగిన మనకి నూరేళ్ళనాటి పుస్తకం పట్టుకుని గట్టు మీద కూచుంటే తెలుస్తుంది.

కలుపు మొక్కల పుస్తకం ఇంకా చిత్రం. అందులో వయ్యారిభామ కోసం వెతకండి. దొరకదు. ఆ మొక్క మన దేశంలో కలుపుగా జనం కంటబడింది 1950ల నడిమిలో, పుణె ప్రాంతంలో. పుస్తకం 1932ది. ఇవాళ రేపల్లె రైలెక్కి కిటికీలోంచి చూస్తే ఖాళీ స్థలం ఉన్నచోటల్లా తెల్లపూలతో అదే. మన తాతలు ఇదే దారిలో పోతున్నప్పుడు ఆ మొక్క లేదు! పాత పుస్తకంలో ఏముందో చూడటం సగం పని. ఏం లేదో చూడటం మిగతా సగం. కొత్త పుస్తకం ఈ రెండో పని చేసిపెట్టలేదు. కాలవల్ని కమ్మేసే గుర్రపు డెక్కా అంతే. 19వ శతాబ్దం చివర బెంగాల్లో దిగిన మొక్క అది. అంతకు ముందువాళ్ళు మన తీరం మొక్కల మీద రాసిన పుస్తకాల్లో దాని ఊసు ఉండదు.

వీటి పక్కనే నలిగిపోయిన కరపత్రాలు, వ్యవసాయ శాఖ బులెటిన్లు, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటేటా వేసే పంచాంగాలు, 'పాడిపంటలు' పాత సంచికలు, 1969లో మొదలైన 'అన్నదాత' తొలి ఏళ్ళ సంచికలు వస్తాయి. కట్టలు కట్టలుగా వస్తే అన్నీ తీసుకోకండి. సాంబ మసూరి రాకముందువి, అంటే 1986కి ముందువి ఏరుకోండి. అక్కుళ్ళు, కృష్ణకాటుకలు లాంటి వరి పేర్లు ఈ పల్చటి కాగితాల్లో దొరికినట్టు పెద్ద పుస్తకాల్లో దొరకవు. పైగా కరపత్రాన్ని ఎవరూ దాచరు కాబట్టి నలభై ఏళ్ళు పోతే పుస్తకం కంటే అదే అపురూపమవుతుంది.

తెలుగులో ఏముంది?

అనుకున్నంత తక్కువేం కాదు. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రలు, నవలలతో పాటు శాస్త్ర గ్రంథాలూ వేసింది. వాటిలో వి. శ్రీనివాసరావు రాసిన 'వృక్షశాస్త్రము' 1916లో వచ్చింది. మన చుట్టూ ఉండే మొక్కలనే ఉదాహరణలుగా తీసుకుని రాసిన పుస్తకం. భాష పాతది, అరసున్నలూ బండి రలూ ఉంటాయి. మొదటి పది పేజీలు ఓపిక పడితే ఆ తర్వాత అదే అలవాటవుతుంది. దొరక్కపోతే తెలుగు వికీసోర్సులో చదువుకోవచ్చు. ఆచంట లక్ష్మీపతి 'జీవశాస్త్ర సంగ్రహము' కూడా అలాంటిదే.

పాత ఇళ్ళల్లో 'వస్తుగుణదీపిక' కనిపిస్తే వదలకండి. వైద్యం కోసం రాసినదే అయినా మూలికల పేర్ల కోసం మనకి పనికొస్తుంది. అందులో చెప్పిన మందులు మాత్రం వాడబోకండి. మన పని పేర్లతోనే.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్, డిగ్రీ విద్యార్థుల కోసం వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం పాఠ్యపుస్తకాలు వేసింది. వీటిని ఎవరూ సేకరించరు. చిత్తుకాగితాల లెక్కన పోతాయి. నా దృష్టిలో ఖరీదైన బొమ్మల పుస్తకాలు పది కొనడం కంటే ఈ పాఠ్యపుస్తకాలు రెండు కొనడం మేలు. పువ్వు భాగాలకి, ఆకు అమరికకి, కీటకం అవయవాలకి తెలుగు మాటలన్నీ ఒక్కచోట ఉంటాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో వర్ణన చదువుతూ తడబడినప్పుడు చేయి ఇటు చాచితే చాలు.

నేషనల్ బుక్ ట్రస్టు 1960ల నుంచి 'ఇండియా – ది ల్యాండ్ అండ్ ది పీపుల్' అనే వరసలో చెట్ల మీద, పాముల మీద, పక్షుల మీద, మందు మొక్కల మీద చిన్న చిన్న పుస్తకాలు వేసింది. రాసినవాళ్ళు సలీం అలీ, శాంతాపావ్, దేవరస్, ఎస్.కె. జైన్ లాంటివాళ్ళు. కొన్ని తెలుగులోకీ వచ్చాయి. వీటిని పాతవే కొనండి. చవగ్గా దొరుకుతాయి, జేబులో పడతాయి.

ఇంకోటి, సోవియట్ పుస్తకాలు. మాస్కో నుంచి విశాలాంధ్ర దుకాణాలకి వచ్చి చేరిన పిల్లల పుస్తకాల్లో జంతువులూ అడవులూ చాలా ఉండేవి. అవి మన మేరలోవి కావు, నిజమే. అయినా మాస్కోలో కూచుని తెలుగు చేసినవాళ్ళలో ఉప్పల లక్ష్మణరావు ఉన్నారు. ఆయన చదువుకున్నది వృక్షశాస్త్రం, కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ సంస్థలో పనిచేశారు. మొక్కల శాస్త్రవేత్త రష్యన్ పుస్తకాల్ని తెలుగు చేసే పనిలో పడ్డారు! అందుకని ఆయన పేరున్న పుస్తకం కనిపిస్తే నా హద్దు నేనే దాటుతాను. మీ ఇష్టం మీది.

ఇక ఊళ్ళ సంగతికొస్తే, తెనాలిలో వెతికే పద్ధతి బాపట్ల కంటే వేరు. ఆ ఊళ్ళో పాత ఇంటి అలమర తీస్తే ముందు వరసలో కథలు, నాటకాలు, పద్యాలు. కొడవటిగంటి కుటుంబరావు, చక్రపాణి పుట్టిన ఊళ్ళో అలా ఉండటమే న్యాయం. మనం చూడాల్సింది వెనక వరస. పిల్లల బడి పుస్తకాలు, వైద్య గ్రంథాలు, పశువుల రోగాల మీద పుస్తకాలు అక్కడ ఉంటాయి. రేపల్లె వైపు చేపలూ రొయ్యలూ. కేంద్ర సముద్ర చేపల పరిశోధన సంస్థ బులెటిన్లు, రొయ్యల చెరువులు వచ్చిన కొత్తలో రైతులకి పంచిన చిన్న పుస్తకాలు చెరువు గట్టు మీది షెడ్లలో కూడా ఉండచ్చు. ఫ్రాన్సిస్ డే రాసిన 'ది ఫిషెస్ ఆఫ్ ఇండియా' 1870లలో వచ్చిన మహాగ్రంథం. దాని అసలు ప్రతి మనకి అందదు, అక్కర్లేదు కూడా.

వెంటపడకూడనివి

అక్కర్లేదు అన్నాను గనుక ఆ సంగతీ చెప్పుకుందాం. కోరమాండల్ తీరం మీద ప్రకృతి శాస్త్రానికి గొప్ప చరిత్ర ఉంది. పాట్రిక్ రసెల్ 1796లో ఈ తీరపు పాముల మీద పుస్తకం వేశాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే. సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ మనవాళ్ళ చేత బొమ్మలు గీయించి 1795 నుంచి మూడు సంపుటాలు తెచ్చాడు. అందులో 300 మొక్కలు. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ పేరు కలివికోడికి ఉంది. ఎప్పుడో కనుమరుగైందనుకున్న ఆ పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనబడింది. గుంటూరులో అధికారం చేసిన వాల్టర్ ఇలియట్ 1859లో 'ఫ్లోరా ఆంధ్రిక' వేశాడు. ఉత్తర సర్కారు జిల్లాల మొక్కల తెలుగు పేర్లకి ఎదురుగా శాస్త్రీయ నామాలు ఇచ్చిన జాబితా అది. మన మేరకి ఇంతకంటే దగ్గరి పుస్తకం లేదు.

వీటి తొలి ముద్రణల కోసం తిరగకండి. అవి గాజు పెట్టెల్లో ఉండాల్సినవి. గాజు పెట్టెలో ఉన్న పుస్తకాన్ని పొలానికి తీసుకెళ్ళలేం. అంతర్జాలంలో బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ, ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి చోట్ల ఇలాంటి పాత గ్రంథాల స్కాన్లు ఉచితంగా ఉన్నాయి. 'ఫ్లోరా ఆంధ్రిక' స్కాన్ దొరికితే అచ్చు తీయించి స్పైరల్ బైండింగు చేయించుకోండి, దాని మీద ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చు. రంగాచారి గడ్డి పుస్తకం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైటులో కూడా ఉంది. అలాగని పాత ప్రతి కొనడం దండగని అనను. స్కాన్‌లో ఎవరి చేతిరాతా ఉండదు. బాపట్లలో దొరికే ప్రతిలో ఏ విద్యార్థో అంచున రాసుకున్న పేరు, తేదీ, పొలం ఉండచ్చు. అలాంటి రాత ఉన్న పుస్తకానికి వ్యాపారి ధర తగ్గిస్తాడు. మనం సంతోషంగా తీసుకోవాలి.

వెంటపడాల్సినవీ ఉన్నాయి, ఈ మేర పల్లెల మీద వచ్చిన పుస్తకాలు. వాటిని వెతికేటప్పుడు జిల్లా పేరు గుర్తుంచుకోండి. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. అంతకు ముందు ఈ మూడూళ్ళూ కృష్ణా జిల్లాలోవి. అందుకని గార్డన్ మెకంజీ 1883లో వేసిన కృష్ణా జిల్లా మాన్యువల్ మనదే. బాపట్ల జిల్లా అనేది 2022 ఏప్రిల్ 4న వచ్చింది. ఆ పేరుతో పాత పుస్తకం వెతికితే ఏమీ రాదు. నిజాంపట్నం పాత ఇంగ్లీషు రాతల్లో పెట్టపోలి. నిడుబ్రోలులో పుట్టిన ఎన్.జి. రంగా డెల్టా గ్రామాల ఆర్థిక జీవితం మీద 1920లలో రాసిన పుస్తకం, 1961 జనాభా లెక్కలతో పాటు వచ్చిన గ్రామ సర్వేలు, జాతరల, తిరనాళ్ళ మీద జిల్లాల వారీ సంపుటాలు, గుంటూరు జిల్లా గెజిటీరు, ఇవన్నీ ఆఫీసుల్లో బీరువాలు ఖాళీ చేసినప్పుడు బయటికొస్తాయి. ఎవరూ పోటీకి రారు.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

దుకాణాలకి పోవడం తేలికే. విజయవాడ లెనిన్ సెంటరు చుట్టుపక్కల పాత పుస్తకాల కొట్లు, జనవరిలో పుస్తక మహోత్సవం. తెనాలి నుంచి గంట ప్రయాణం. కాని అక్కడికి వచ్చేసరికి పుస్తకం మూడు చేతులు మారి ఉంటుంది, ఎవరి ఇంట్లోదో తెలియదు. మన మేర పుస్తకాలకి అసలు చోట్లు రెండు: ఇళ్ళు, పాత పేపర్ల కొట్లు.

పాత పేపర్ల కొట్టుకి సరుకు ఎప్పుడొస్తుందో తెలుసుకోవాలి. సంక్రాంతికి ముందు ఇళ్ళు దులిపే రోజులు మొదటి అదను. భోగిమంటలోకి పోయేవి కొన్ని, తూకానికి పోయేవి కొన్ని. పరీక్షలయ్యాక ఏప్రిల్, మే నెలలు రెండోది. ఈ రెండు అదనుల్లోనూ వారానికోసారైనా ఆ వీధిన నడవండి. కొట్టతనితో మొదటిరోజే బేరమాడకండి. "అన్నా, ఇంగ్లీషులో మొక్కలు, పిట్టలు, పురుగుల బొమ్మలున్న పాత పుస్తకం ఏదొచ్చినా కాస్త పక్కన పెట్టు, తూకం కంటే ఎక్కువే ఇస్తా" అనండి. ఆ మాట మీద నిలబడండి. మొదట పక్కన పెట్టినవి పనికిరాకపోయినా ఒకటి తీసుకోండి. శ్రమపడి దాచాడు గదా. మెల్లగా అతనికే మీకు కావలసిందేమిటో తెలిసిపోతుంది. తూకం రేటుకి దక్కిందని సంబరపడి అతని దగ్గర పుస్తకం అసలు విలువ దాచడం మాత్రం మంచి పద్ధతి కాదు. నాలుగు రూపాయలు మిగులుతాయేమో గాని, తెలిసిన నాడు మళ్ళీ ఏదీ దాచిపెట్టడు.

ఇళ్ళ సంగతి ఇంకా సున్నితం. రిటైరైన వ్యవసాయాధికారి, జువాలజీ మాస్టారు, పశువుల డాక్టరు ఇలాంటివాళ్ళు ఉండగానే వెళ్ళి కలవండి, పోయాక కాదు. పుస్తకాలు అడగడానికి వెళ్ళకండి, అడగాల్సిన ప్రశ్న ఒకటి పట్టుకుని వెళ్ళండి. "మాస్టారూ, మా గట్టు మీద ఈ గడ్డి పేరేంటండీ?" అంటే ఆయనే లేచి అలమర తీస్తారు. పుస్తకం పేరు, ఆయన వేలు పెట్టి చూపించే పేజీ, దాంతో పాటు ఒక కథ, మూడూ వస్తాయి. పుస్తకం ఆయన దగ్గరే ఉండనీయండి.

ఆయన లేని ఇంటికి వెళ్ళాల్సివస్తే కర్మకాండలు కాకుండా గుమ్మం తొక్కకూడదు. ఆ తర్వాతైనా "పిన్నిగారూ, బాబాయిగారి పుస్తకాలు ఎవరికైనా ఇద్దామనుకుంటే నాకో మాట చెప్పండి, జాగ్రత్తగా చూసుకుంటాను" అని వచ్చేయాలి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే ఇల్లు అమ్మేటప్పుడు ఆ పుస్తకాలు ఏమవుతాయో అందరికీ తెలిసిందే. రెండు రోజుల్లో ఖాళీ చేయాలి, లారీ మాట్లాడాలి, ఎవరికీ తీరదు. అప్పుడు మీ మాట గుర్తొస్తే చాలు. ఊరికే ఇస్తామంటే కూడా ఏదో ఒకటి చేతిలో పెట్టడం, కుటుంబం ఫొటోలు, ఉత్తరాలు, భూమి కాగితాలు పుస్తకాల మధ్య ఉంటే వెంటనే తిరిగి ఇవ్వడం మన బాధ్యత. ప్రతి పుస్తకం దులిపి చూడండి, కాగితాలు ఉంటూనే ఉంటాయి.

కొనకుండా చదవడానికి వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో పెట్టిన గ్రంథాలయం, బాపట్ల దాటితే చీరాల దగ్గర. పాత పత్రికలు చూడాలంటే అక్కడికి వెళ్ళాల్సిందే. ఏ పుస్తకం నిజంగా కావాలో, ఏది ఒకసారి చూస్తే సరిపోతుందో అక్కడ కూచుంటే తేలుతుంది, డబ్బు ఖర్చు కాకుండా.

చేతిలోకి తీసుకున్నాక

వెల చూడండి. అణాల్లో ఉంటే పుస్తకం 1957 ఏప్రిల్ ఒకటికి ముందుది, ఆ రోజునే నయా పైసలు వచ్చాయి. తెలుగు పుస్తకాల మీద ఇంగ్లీషు సంవత్సరం లేకుండా 'నల' అనో 'పార్థివ' అనో ఉంటే అరవయ్యేళ్ళ లెక్క వేయాలి. నల అంటే 1916–17 కావచ్చు, 1976–77 కావచ్చు. వెల అణాల్లో ఉంటే మొదటిదే.

ప్రకృతి పుస్తకానికి ప్రాణం బొమ్మల పేజీలు. విడిగా అచ్చయి అంటించిన పేజీలను పిల్లలు చింపేసి గోడకి అంటించుకుంటారు. మొదట్లో బొమ్మల పట్టిక ఉంటే దాని ప్రకారం ఒక్కొక్కటీ సరిచూడండి. వెనక అట్ట లోపల జేబు ఉంటే మడతపెట్టిన పటం ఉండాలి. మన పని పేరు పట్టడం కాబట్టి అట్ట పోయిన పుస్తకం కొనచ్చు, బొమ్మలు పోయింది కొనకూడదు. గ్రంథాలయం ముద్ర ఉండి, తొలగించినట్టు ఎక్కడా రాసి లేకపోతే ముందు ఆ గ్రంథాలయాన్ని అడగండి. వాళ్ళకి కావాలంటే తిరిగి ఇచ్చేయండి.

ఇంటికి తెచ్చాక సముద్రపు గాలి ఉన్న ఊళ్ళలో మొదటి శత్రువు తేమ. గోడకి ఆనించి అలమర పెట్టకండి, వెనక గాలి ఆడాలి. కిక్కిరిసేలా పేర్చకండి. వర్షాకాలంలో ఎండ కాసిన రోజున తలుపులు తెరిచి పెట్టండి. బూజు పట్టిన పుస్తకాన్ని మిగతావాటితో కలపకుండా నీడలో ఆరబెట్టి, మెత్తని కుంచెతో ఆరుబయట దులపండి. నడి ఎండలో పరిస్తే కాగితం పెళుసుబారుతుంది. వెండిలా మెరిసే సన్న పురుగు జిగురు కోసం అట్టల్లో చేరుతుంది. అనుమానం ఉన్న పుస్తకాన్ని గాలి చొరని కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్లో కొన్ని రోజులుంచితే చస్తుంది. తీశాక కవర్ విప్పకుండా మామూలు వేడికి రానివ్వాలి. వేపాకు వేస్తే మంచిదే గాని దాన్ని నమ్మి చూడటం మానేయకండి. కలరా ఉండలు పడకగదిలో వద్దు. చిరిగిన పేజీకి సెల్లోటేపు ఎప్పుడూ వద్దు, నాలుగేళ్ళకి అది రాలిపోయి మరక మిగులుతుంది.

గట్టు మీదికి

ఇంతవరకూ చెప్పినదంతా ఏర్పాటు. అసలు పని వారానికి ఒక పూట ఒక పుస్తకం సంచిలో వేసుకుని బయటికి పోవడం. అసలు ప్రతి పెళుసుగా ఉంటే ఆ రోజుకి కావలసిన పేజీలు జెరాక్స్ తీసి పట్టుకెళ్ళండి. ఒక్కరోజుకి ఒక్క ప్రాణి చాలు. పేరు తేలితే పెన్సిలుతో తేదీ, ఊరు, చోటు అంచున రాయండి. పెన్ను వాడకండి. పుస్తకం పాడుచేస్తున్నామన్న భయం అక్కర్లేదు. వెనకటివాళ్ళు రాసిన దాన్ని మనం ఇష్టపడి కొంటున్నాం కదా.

శాస్త్రీయ నామాలు మారుతుంటాయి. నల్లతుమ్మ పాత పుస్తకంలో అకేసియా అరాబికా, తర్వాత అకేసియా నైలోటికా, ఇప్పుడు వచేలియా నైలోటికా. దీనికి కంగారుపడక్కర్లేదు. మొక్క అదే. కొత్త పేరు ఫోనులో చూసి పాత పేరు పక్కన రాసుకోండి. ఫోను ఈ పనికి భేషుగ్గా పనికొస్తుంది.

కొన్ని పేజీల దగ్గర ఎంతకీ తేదీ రాయలేం. సలీం అలీ పక్షుల పుస్తకం మొదటిసారి 1941లో వచ్చింది. ఆ కాలం పుస్తకాల్లో రాబందు రోజూ కనబడే పిట్ట. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలు దెబ్బతీసి లక్షల్లో చంపింది. 2006లో ప్రభుత్వం ఆ మందును పశువులకి వాడకుండా నిషేధించేసరికే ఆలస్యమైంది. తెనాలి ఆకాశంలో ఆ పేజీకి సరిపడే తేదీ మీకు దొరకదు. అలాంటి పేజీ దగ్గర ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. "మా చిన్నప్పుడు ఊరిబయట వాలేవి, ఫలానా చెట్టు మీద" అంటారు. ఆ చెట్టు, ఆ ఊరు, ఆ ఏడాది సుమారుగా రాసుకోండి. చెప్పినవారి పేరు కూడా. 1977 నవంబరు 19 ఉప్పెనకి ముందు రేపల్లె తీరం ఎలా ఉండేదో, అప్పుడు ఏ చెట్లు పోయాయో చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. పుస్తకం తెరిచి బొమ్మ చూపిస్తే వాళ్ళకి ఇంకా గుర్తొస్తాయి, ఊరికే అడిగితే రాని సంగతులు.

గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు కావాలంటే గుంటూరు పక్కన ఉప్పలపాడు ఉంది. హద్దుకి కాస్త బయట. ఏడాదికోసారి వెళ్ళిరావచ్చు.

చివరగా ఒక నోటుపుస్తకం పెట్టండి. ప్రతి పుస్తకానికి ఒక వరస: పేరు, అచ్చయిన ఏడాది, ఎవరి ఇంటినుంచి లేదా ఏ కొట్టునుంచి వచ్చింది, ఎంతిచ్చాం, ఏ బొమ్మలు లేవు. దాని మొదటి పేజీలో మీ తర్వాత ఈ అలమర ఎవరికి పోవాలో, వాళ్ళు వద్దంటే ఏ కళాశాలకో గ్రంథాలయానికో పోవాలో రాసి సంతకం పెట్టండి. ఆ సంగతి వాళ్ళకి ఇప్పుడే ఫోను చేసి చెప్పండి. ఒప్పుకున్నారో లేదో కూడా అదే పేజీలో రాయండి.